మాట రాదని మార్కు వేసేదెవరు?

వేసవి సెలవులకు ముందు ఒక ఆదివారం సాయంత్రం, మా ఆశ్రమ పాఠశాల వరండాలో పిల్లలు కొత్త ఆట ఆడుకుంటున్నారు. నాలుగు కుర్చీలు వరసగా వేసుకున్నారు. నలుగురు పిల్లలు కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. ఒకడు మెడకు తువ్వాలు టై లాగా బిగించుకున్నాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఎదురుగా నిలబడి తమ వ్యాపారం ఏమిటో చెప్పాలి. కుర్చీల్లో ఉన్నవాళ్ళు డబ్బు పెడతారో, పెట్టరో తేల్చాలి. ఇళ్ళకు పోయినప్పుడు సెల్‌ఫోన్లలో చూసిన బిజినెస్ షో అది. మేము కిటికీ పక్కన నిలబడి చూస్తున్నాం.

ఏడో తరగతి పాప వంతు వచ్చింది. ఇప్పపువ్వు లడ్డూల వ్యాపారం అంది. "పువ్వు రాత్రిపూట రాలుద్ది. తెల్లారకముందే పోయి ఏరాల. నాలుగు గంపలు ఎండబెడితే ఒక్క గంప అయిద్ది. నువ్వులు, బెల్లం సంతల కొనాల. ఒక్క లడ్డూకి ఆరు రూపాయలు పడుద్ది. పదికి అమ్ముతం. మా అమ్మ, పెద్దమ్మ, ఇంకో ఆరుగురు చేస్తరు" అని చెప్పింది. రెండు మూడు చోట్ల తెలుగు మాట దొరక్క కోయ మాటతో పూర్తి చేసింది. చెబుతున్నంతసేపూ కళ్ళు నేల మీదే ఉన్నాయి.

టై కట్టుకున్నవాడు గొంతు సవరించుకుని, "ఐడియా బాగానే ఉంది. కానీ నీకు కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు. ఐ యామ్ అవుట్" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. తీర్పు చెప్పినవాడూ కోయ పిల్లవాడే. వాడి అమ్మ కూడా ఇప్పపువ్వు ఏరుతుంది.

ఆ తర్వాత వారం రోజులు ఆ పాప తరగతిలో నోరు తెరవలేదు. ప్రశ్న అడిగితే లేచి నిలబడి, పక్క పిల్లల వైపు చూసి కూర్చునేది.

పిల్లల ఆటే కదా అని వదిలేయవచ్చు. మేము వదల్లేకపోయాం. ఆ మాట మాకు కొత్త కాదు. ఇంటర్వ్యూ గదుల్లో విన్నాం. బ్యాంకు కౌంటర్ల దగ్గర విన్నాం. అప్పు దరఖాస్తు పట్టుకుని ఆఫీసుకు పోయిన మా తమ్ముళ్ళు తిరిగి వచ్చి చెప్పగా విన్నాం. "నీకేం కావాలో సరిగ్గా చెప్పడం కూడా రాదా?" అని అడిగితే పాత మాట. ఇప్పుడు అదే మాట కోటు తొడుక్కుని "కమ్యూనికేషన్ స్కిల్స్" అని వచ్చింది. టీవీలోంచి ఫోనులోకి, ఫోనులోంచి మా బడి వరండాలోకి, అక్కడి నుంచి మా పిల్లవాడి నాలుక మీదికి. అందుకే ఈ వ్యాసం.

ముందు ఈ షో సంగతి తెలుసుకుందాం. ఇది మన దేశంలో పుట్టింది కాదు. 2001లో జపాన్‌లో మొదలైంది. డబ్బు పెట్టే పెద్దమనుషులను అక్కడ పులులు అన్నారు. 2005లో బ్రిటన్‌కు పోతే డ్రాగన్లు అయ్యారు. 2009లో అమెరికా చేరి సొరచేపలు అయ్యారు. 2021 డిసెంబరులో 'షార్క్ ట్యాంక్ ఇండియా' పేరుతో మన దగ్గరికి వచ్చింది. తెలుగులో 2023లో ఆహా ఓటీటీలో 'నేను సూపర్ ఉమన్' అని మహిళా వ్యాపారుల కోసం ఒక షో వచ్చింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ వీహబ్ అందులో భాగస్వామి. తెలుగులో ఆడవాళ్ళు తమ వ్యాపారం గురించి చెప్పుకునే చోటు ఒకటి ఏర్పడినందుకు మేము సంతోషించాం. ఆ సంతోషం దాచుకోం.

కానీ ఒక సంగతి గమనించండి. పులి, డ్రాగన్, సొరచేప. దేశం ఏదైనా, కుర్చీలో కూర్చున్నవాడికి పేరు మాత్రం వేటాడే జంతువుదే. నిలబడ్డవాడు ఎవరో వేరే చెప్పక్కర్లేదు. మేము అడవి పక్క మనుషులం. పులి సంగతి మాకు కొంత తెలుసు. పులి ఆకలైతే తింటుంది, కడుపు నిండితే పడుకుంటుంది. నీ ఉచ్చారణ బాగోలేదని మాత్రం అనదు.

ఈ షోల్లో ఒక మనిషికి మాట్లాడటం వచ్చో రాదో ఎలా తేలుస్తారు? మేము కొన్ని భాగాలు పిల్లలతో కూర్చుని చూశాం. కాగితం మీద రాసుకున్నాం. వేగంగా చెప్పాడా? తడబడకుండా చెప్పాడా? కళ్ళలోకి చూశాడా? నవ్వాడా? మధ్యమధ్య ఇంగ్లిష్ మాటలు పడ్డాయా? ఒక్క నిమిషంలో ముగించాడా? ఇవన్నీ చూస్తారు. తప్పులేదు, చూడవచ్చు. కానీ వీటిలో ఒక్కటైనా సరుకుకు సంబంధించిందా? పువ్వు ఏ వేళలో ఏరాలో తెలుసా, ఎంత ఎండితే బూజు పట్టదో తెలుసా, ఖర్చెంతో మిగులెంతో తెలుసా, ఎంతమందికి పని దొరుకుతుందో తెలుసా? మా పాప ఈ నాలుగూ చెప్పింది. అయినా సున్నా పడింది.

మా ఇళ్ళలో పెద్దవాళ్ళ ఎదుట కళ్ళు దించి మాట్లాడటం మర్యాద. షోలో అదే ధైర్యం లేకపోవడం. మా ఊళ్ళో అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెబితే ఆలోచించకుండా అన్నాడంటారు. కాసేపు ఆగి చెప్పినవాడి మాటకు విలువ. షోలో ఆగినవాడు తడబడ్డవాడు. మా దగ్గర తన గొప్ప తాను చెప్పుకుంటే నవ్వుతారు. షోలో చెప్పుకోకపోతే నవ్వుతారు. అంటే అక్కడ కొలిచేది మాట్లాడే శక్తిని కాదు, ఏ ఇంట్లో పుట్టామో దాన్ని. నగరంలో, చదువుకున్న ఇంట్లో, ఇంగ్లిష్ వినపడే చోట పుట్టిన పిల్లవాడికి ఆ మార్కులు పుట్టుకతోనే వస్తాయి. మన పిల్లవాడు వాటిని ఇరవై ఏళ్ళు కష్టపడి సంపాదించాలి. ఆ తర్వాత కూడా "యాస పోలేదు" అంటారు.

"వ్యాపారం అన్నాక మాట కావాలి కదా, కొనేవాడికి అర్థం కావాలి కదా?" అని మమ్మల్ని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మాట కావాలి. మాట లేనిదే సంత లేదు. కానీ ఆ సంతనే ఒకసారి గుర్తు చేసుకుందాం. చర్లలో, దుమ్ముగూడెంలో, గుండాలలో, మన ఏజెన్సీలో ఎక్కడైనా వారం సంత చూడండి. మైదాన ప్రాంతం నుంచి ఉప్పు, ఎండుచేపలు, బట్టలు తీసుకుని షావుకార్లు వచ్చారు. మా నుంచి చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయ, తేనె, తపసి జిగురు కొన్నారు. వాళ్ళు ఏ భాషలో కొన్నారు? కోయ నేర్చుకుని కొన్నారు. బడి లేదు, పుస్తకం లేదు, కోచింగ్ సెంటర్ లేదు. అయినా షావుకారు మా మాట నేర్చాడు, మా వరసలు నేర్చాడు. మా అవ్వలను అక్కా అని, మా తాతలను మామా అని పిలవడం నేర్చాడు. ఎందుకు నేర్చాడు? లాభం మా మాట వెనక ఉందని అతనికి తెలుసు కాబట్టి. అతని కోయలో తప్పులు దొర్లితే మా అవ్వలు నవ్వి ఊరుకున్నారు. నీకు కమ్యూనికేషన్ లేదు పొమ్మని ఏ అవ్వా అనలేదు. చింతపండు గంప దించి కూర్చుంది, అతను చెప్పేది చెవి పెట్టి వింది.

దీన్నిబట్టి మాకు అర్థమైంది ఇది. అవసరం ఉన్నవాడు ఎదుటివాడి మాట నేర్చుకుంటాడు. అధికారం ఉన్నవాడు ఎదుటివాడికి మాట రాదంటాడు. మాటకు రెండు కొసలు ఉంటాయి. ఒక కొసన నోరు, ఇంకో కొసన చెవి. మధ్యలో మాట తెగిపోతే తప్పు నోటిదే అని ముందే ఎలా తేల్చారు? చెవికి పరీక్ష ఎవరు పెట్టారు? మార్కుల కాగితంలో ఆ గడి ఎక్కడుంది?

ఆ సంతలోనే మేము మోసపోయిన సంగతీ మరిచిపోం. మాట రాక మోసపోలేదు. తూకం తెలియక మోసపోయాం, కాగితం చదవలేక మోసపోయాం, వడ్డీ లెక్క రాక భూములు పోగొట్టుకున్నాం. అందుకే 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. 1959లో భూ బదలాయింపు నిబంధనలు వచ్చాయి, 1970లో వాటిని గట్టిచేస్తూ 1/70 వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం మనదే అని రాసింది. ఈ చట్టాల్లో ఏ ఒక్కటీ ఆదివాసీకి మాట్లాడటం నేర్పమని చెప్పలేదు. ఆదివాసీని మోసం చేయకూడదనే చెప్పాయి. జబ్బు ఎక్కడుందో చట్టం రాసినవాళ్ళకు తెలుసు. టీవీ తీసేవాళ్ళకే తెలియదు.

మాట్లాడే నేర్పు గురించే అయితే, మన జిల్లా మనిషినే చూద్దాం. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు. బడి చదువు లేదు. కంచుతాళం, డోలు తోడుగా మన వంశాల కథలు, వేల్పుల కథలు, సమ్మక్క సారలమ్మల కథ కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. ఏ గట్టు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి ఎవరు ఏమవుతారు అన్నదంతా ఆయన నాలుక మీద ఉండేది. కాగితం చూడకుండా రాత్రంతా ఊరిని కూర్చోబెట్టగలిగిన మనిషి. 2022లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన్ని ఆ కుర్చీల ముందు నిలబెట్టి, ఒక్క నిమిషంలో మీ గురించి చెప్పండి అంటే ఏమయ్యేది? మార్కులు వచ్చేవి కావు. మరి లోపం ఆయనలో ఉన్నట్టా, ఆ ఒక్క నిమిషంలో ఉన్నట్టా?

షోలో పల్లె మనిషిని మెచ్చుకున్న సందర్భాలు లేవా? ఉన్నాయి. షార్క్ ట్యాంక్ ఇండియా మొదటి సీజన్‌లో మహారాష్ట్ర మాలేగావ్ వైపు నుంచి కమలేశ్ అనే రైతు బిడ్డ వచ్చాడు. పురుగుమందు డబ్బా వీపున మోసి తండ్రి పడే బాధ చూసి, సైకిల్ చక్రంతో తోసుకుపోయే పిచికారీ బండి తయారు చేశాడు. సూటు లేదు, ఇంగ్లిష్ లేదు. దేశమంతా అతన్ని ఇష్టపడింది. మా పిల్లలు కూడా చప్పట్లు కొట్టారు. మేము చప్పట్లతో ఆగకుండా బోర్డు మీద లెక్క వేశాం.

అతను అడిగింది 30 లక్షలు. ఇస్తానన్నది 10 శాతం వాటా. అంటే తన సంస్థ మొత్తం విలువ 3 కోట్లని అతని లెక్క. చివరికి కుదిరింది 10 లక్షలకు 40 శాతం వాటా, ఇంకో 20 లక్షలు వడ్డీ లేని అప్పు. 10 లక్షలకు 40 శాతం అంటే సంస్థ విలువ 25 లక్షలు. మూడు కోట్లు ఎక్కడ, పాతిక లక్షలు ఎక్కడ! అతను అడిగిన విలువ ఎక్కువే కావచ్చు. వడ్డీ లేని అప్పు మేలే. ఆ ఒప్పందం అతనికి మంచిదో చెడ్డదో మేము తేల్చం, అది అతని ఇష్టం. మేము పిల్లలకు చెప్పింది ఒక్కటే. "అమాయకంగా మాట్లాడాడు, మనసు దోచాడు" అని చప్పట్లు కొట్టేటప్పుడు వాటా లెక్క మీద నుంచి మన కన్ను తప్పుతుంది. మాట రాదని వెక్కిరించడం ఒక ఎత్తు. అమాయకపు మాట ముద్దుగా ఉందని మెచ్చుకోవడం ఇంకో ఎత్తు. రెండింటిలోనూ మన లెక్కను ఎవరూ పట్టించుకోరు. మనకు జాలి వద్దు, వెక్కిరింపు వద్దు. శాతాల లెక్క కావాలి. అది ఏడో తరగతి గణితంలోనే ఉంది.

ఇంకో ఉదాహరణ మన భద్రాచలంలోనే ఉంది. పొలాల్లో కూలికి పోయిన మన ఆడబిడ్డలు స్వయం సహాయక సంఘంలో చేరి, శిక్షణ తీసుకుని, చిరుధాన్యాలతో బిస్కెట్లు చేస్తున్నారు. పేరు 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్'. 2025 జూన్ 29న 'మన్ కీ బాత్'లో ప్రధానమంత్రి వాళ్ళ గురించి చెప్పారు. ఆ బిస్కెట్లు హైదరాబాద్ నుంచి లండన్ దాకా పోతున్నాయని, ఆ మహిళలే శానిటరీ ప్యాడ్లు కూడా తయారు చేసి మూడు నెలల్లో 40,000 అందించారని చెప్పారు. ఎవరి రాజకీయం వాళ్ళది, దాని జోలికి మేము పోం. మన పిల్లలు గమనించాల్సింది వేరే ఉంది. లండన్‌లో ఆ బిస్కెట్ తిన్నవాడు దాన్ని చేసిన అక్క ఏ యాసలో మాట్లాడుతుందో అడగలేదు. రుచి చూశాడు, కొన్నాడు. ఆ అక్కలకు శిక్షణ ఇచ్చినవాళ్ళు కూడా పిండి, పాళ్ళు, పొయ్యి వేడి, ప్యాకింగ్ నేర్పారు కాబట్టి బిస్కెట్ వచ్చింది. ముందు ఇంగ్లిష్ నేర్చుకుని రండి అని ఉంటే, ఈపాటికి ఆ అక్కలు ఇంకా కూలికే పోతుండేవాళ్ళు.

ఇంతవరకు పైవాళ్ళను అన్నాం. ఇప్పుడు మమ్మల్ని మేము అనుకోవాలి. తోటి ఉపాధ్యాయులారా, కోపం తెచ్చుకోకుండా వినండి. ఆ తువ్వాలు టై పిల్లవాడికి తీర్పు చెప్పడం టీవీ ఒక్కటే నేర్పలేదు. మనమూ నేర్పాం.

మా కోయలో ఏరు అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే వాగు. ఒకటో తరగతి పిల్లవాడు దాహమై ఏరు అంటే, "ఇప్పుడు ఏటికి పోతావా, కూర్చో" అని కసిరిన టీచర్లు ఉన్నారు. వాళ్ళకు కోయ రాదు, పోనీ అనుకుందాం. మరి కోయ వచ్చిన మనం? "బడిలో కోయ మాట్లాడొద్దు, తెలుగు రాదు" అని మనమే అన్నాం. ఇప్పుడు "తెలుగు మాట్లాడొద్దు, ఇంగ్లిష్ రాదు" అంటున్నాం. ఒక్కొక్క మెట్టు మీద పిల్లవాడి నోరు ఒక్కొక్కసారి మూయించాం. అలా పదేళ్ళు మూయించి, పదో తరగతి అయ్యాక "మన పిల్లలకు స్టేజి మీద భయం సార్" అని మనమే అంటాం.

మేమెందుకు ఇలా తయారయ్యామో కూడా చెప్పాలి. మేము టీటీసీ చదివిన రోజుల్లో పాఠం చెప్పి చూపించేటప్పుడు ఉచ్చారణకు మార్కులు ఉండేవి. మా కోయ నోటికి ఒత్తులు పలకవు. భద్రాచలాన్ని బద్రాచలం అన్నామని మార్కులు తగ్గాయి. మేము పుట్టి పెరిగిన నేల పేరు పలకడం మాకు రాదని తేల్చారు! ఆ రోజు తరగతి నవ్వింది. మేమూ తల వంచుకుని నవ్వాం. ఆ నవ్వునే ఇన్నేళ్ళూ మోసుకొచ్చి మన పిల్లల మీద పెట్టాం. మొన్న వరండాలో వినిపించింది ఆ నవ్వే.

ఇలాగే ఉండాలని లేదు. 1940లలోనే ఆదిలాబాద్ మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ ఆధ్వర్యంలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, గోండి వాచకాలతో చదువు చెప్పించారు. రాజ్యాంగం 350ఎ అధికరణ ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయతో సహా ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలో వాచకాలు అచ్చయ్యాయి. మనలో కొందరం వాటితో పాఠం చెప్పాం. ఇప్పుడు అవి ఎన్ని బడుల్లో బీరువా దాటి బయటికి వస్తున్నాయో ఎవరికి వారు గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకోవాలి.

2000 జనవరి 10న వచ్చిన జీవో 3 ఏజెన్సీ బడుల్లో టీచరు ఉద్యోగాలు స్థానిక ఆదివాసీలకే అంది. బయటి నుంచి వచ్చిన టీచర్లు బడికి సరిగ్గా రాకపోవడం దాని వెనక ఉన్న కారణాల్లో ఒకటి. దానితోపాటు పిల్లలకు తమ మాట తెలిసిన టీచరు దొరికాడు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని ఆ జీవోను కొట్టేసింది. దానిపై మన పోరాటం మనది. కానీ ఆ పోరాటంలో నిలబడాలంటే ఒక ప్రశ్నకు జవాబు ఉండాలి. ఆదివాసీ టీచరు ఉంటే పిల్లవాడికి ఏం లాభం? "వాడి మాట మాకు అర్థమవుతుంది" అన్నదే మన గట్టి జవాబు. కోయ రాని టీచరు చేసే పనే కోయ వచ్చిన మనమూ చేస్తే, ఆ జవాబు మనమే పోగొట్టుకున్నట్టు.

అయితే ఇంగ్లిష్ వద్దా? తెలుగు వద్దా? అలా అనడం మన పిల్లల కాళ్ళు నరకడమే. ఇంగ్లిష్ కావాలి. మంచి ఇంగ్లిష్ కావాలి. దాన్ని నేర్పే మంచి టీచరు ఏజెన్సీ బడికి కావాలి. అడగడం మన హక్కు. తెలుగు కావాలి, ఈ వ్యాసం మేము తెలుగులోనే రాస్తున్నాం. మేము వద్దంటున్నది సిగ్గును. ఇంటి మాట మీద సిగ్గు పుట్టించి నేర్పిన భాష నాలుక మీదికి రాదు, గొంతులోనే ఆగిపోతుంది. ఇంటి మాటలో తెగించి మాట్లాడిన పిల్లవాడు రెండో భాషలోనూ తెగిస్తాడు, మూడో భాషలోనూ తెగిస్తాడు.

చదువుకుంటున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నాలుగు మాటలు. రేపు ఏ ఇంటర్వ్యూకో, బ్యాంకుకో, అలాంటి షోకో పోతారు. పోండి, వెనకాడొద్దు. మీ సరుకు గురించి మీకన్నా ఎక్కువ తెలిసినవాడు ఆ గదిలో లేడని గుర్తుపెట్టుకోండి. ఖర్చు, మిగులు, వాటా ఈ మూడు లెక్కలు నోటికి వచ్చేదాకా సాధన చేయండి. అడిగింది అర్థం కాకపోతే "మళ్ళీ చెప్పండి, తెలుగులో చెప్పండి" అని అడగండి. వాల్యుయేషన్, ఈక్విటీ అని ఎవరైనా అంటే "అంటే ఎంత?" అని అడగండి. అడగడం కూడా మాట్లాడే నేర్పే. తెలియక తల ఊపి సంతకం పెట్టిన మన తాతల భూములు ఏమయ్యాయో మీకు తెలుసు. "నీకు కమ్యూనికేషన్ లేదు" అని ఎవరైనా అంటే గొడవ పడొద్దు, ఏడవొద్దు. "నేను చెప్పిన దాంట్లో మీకు ఏది అర్థం కాలేదు?" అని నెమ్మదిగా అడగండి. నిజంగా అర్థం కానిది ఉంటే చూపిస్తారు, మీరు సరిచేసుకోవచ్చు. ఏమీ చూపించలేకపోతే వాళ్ళు విననే లేదని తేలిపోతుంది.

ఉపాధ్యాయులకు ఒక్కటే విన్నపం. పిల్లలు మాట్లాడినప్పుడు మార్కులు వేయాల్సి వస్తే, విషయానికి వేయండి, వరసకు వేయండి, లెక్కకు వేయండి. యాసకు వేయొద్దు. ఒత్తుకు వేయొద్దు. విన్న పిల్లలకు కూడా మార్కులు వేయండి. ఇది మేము కనిపెట్టింది కాదు. మా ఊరి పంచాయితీల్లో మేము చూసిందే. ఇద్దరి తగువు విన్న పెద్దమనిషి తీర్పు చెప్పే ముందు, "నువ్వు ఇట్లా అన్నవు, నువ్వు ఇట్లా అన్నవు, అంతేనా?" అని ఇద్దరి మాటా తిరిగి చెబుతాడు. వాళ్ళు అవునన్నాకే తీర్పు. తప్పుగా చెబితే మళ్ళీ మొదటి నుంచి వినాలి.

సెలవులకు ముందు మేము పిల్లలను పిలిచి మళ్ళీ ఆ ఆట ఆడించాం. అవే కుర్చీలు, అదే తువ్వాలు టై. ఒక్క నియమం మాత్రం కొత్తగా పెట్టాం. అవుట్ అనే ముందు, ఎదుటివాళ్ళు చెప్పింది తిరిగి చెప్పాలి. పాపను బతిమాలి నిలబెట్టాం. ఇప్పపువ్వు గురించి మళ్ళీ చెప్పింది, ఈసారి ఇంకా చిన్న గొంతుతో. టై పిల్లవాడు గొంతు సవరించుకున్నాడు. "లడ్డూ పది రూపాయలు" అన్నాడు. ఆగిపోయాడు. ఎంత పడుద్దో చెప్పలేకపోయాడు. ఎంతమంది చేస్తారో చెప్పలేకపోయాడు. పక్క కుర్చీవాళ్ళ వైపు చూశాడు, వాళ్ళకూ తెలియదు. చివరికి పాప వైపు తిరిగి, కోయలోనే, మళ్ళీ చెప్పమని అడిగాడు.

పాప తలెత్తింది. కుర్చీ దగ్గరికి నడిచి వెళ్ళి, వేళ్ళ మీద లెక్కపెడుతూ కోయలో మొదటి నుంచి మొత్తం చెప్పింది. గంపల లెక్క దగ్గర వాడు రెండుసార్లు తప్పు చెబితే రెండుసార్లూ సరిదిద్దింది. ఈసారి నవ్వు వినిపించలేదు. మిగతా పిల్లలు కూడా కుర్చీల చుట్టూ చేరి వింటున్నారు.